అత్తరు ఆలోచన ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో పరిమళాలు కలిపేవారికి ఒక దారి

సహజ పరిమళాలు కలపడం సరదాగా మొదలుపెట్టినవారిలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పది పన్నెండు చిన్న సీసాల సుగంధ తైలాలు కొంటారు, చుక్కలు వేసే గాజు గొట్టం కొంటారు. తీరా బల్ల ముందు కూర్చున్నాక ఏం కలపాలో తోచదు. అప్పుడు ఎవరో రాసిన కొలతలు వెతుకుతారు. అందులో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తైలం ఉంటుంది, ఓక్ చెట్ల మీది నాచు ఉంటుంది. ఆ చెట్లను మనం చూసింది లేదు, వాటి నీడన నిలబడింది లేదు. కొలత తప్పకుండా కలిపినా వచ్చేది ఇంకెవరి జ్ఞాపకమో.

సరుకు చాలక వచ్చే ఇబ్బంది కాదిది. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే బృహత్సంహితలో గంధయుక్తి, అంటే పరిమళాలు కలిపే విద్య గురించి ఒక అధ్యాయం రాసి, పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1820 కలయికలు వస్తాయని లెక్క కట్టాడు. పాళ్లు మార్చడం ఆ పై మాట. పదహారు సీసాలుంటే ఒక జీవితానికి సరిపడా పని ఉన్నట్టే. లేనిదల్లా ఆ 1820లో దేన్ని ఎంచుకోవాలో చెప్పే కారణం. ఆ కారణం మీరు రోజూ నడిచే దారిలోనే ఉంటుంది. అయితే ఒక షరతు. పువ్వు వాసనను సీసాలో పెట్టాలని చూడకండి. ఆ పువ్వు ఉన్న చోటును పెట్టాలని చూడండి. ఎందుకో ముందుకు వెళ్లే కొద్దీ తెలుస్తుంది.

ముందు ముక్కు సంగతి

వాసనలు వెతకడానికి బయల్దేరే రోజు ఒంటికి సెంటు, తలకు వాసన నూనె వద్దు. ఇంట్లో అగరువత్తి వెలిగించి ఉంటే ఆ పనిని మరో పూటకు వాయిదా వేయండి. తెల్లవారుజాము, వాన వెలిసిన తర్వాతి అరగంట, దీపాలు పెట్టే వేళ అనువైనవి. తెల్లవారుజామున గాలి పెద్దగా కదలదు కాబట్టి చెట్టు వాసన చెట్టు కిందే నిలిచి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద తారు, పెట్రోలు తప్ప మరేదీ పట్టుబడదు.

ఒకే వాసన మధ్య కాసేపు ఉంటే ముక్కు దాన్ని చెప్పడం మానేస్తుంది. మన ఇంటి వాసన మనకు తెలియకపోవడం ఇందుకే. కాబట్టి అన్నిటికంటే విలువైంది గడప మీది మొదటి ఊపిరి. పచారీ కొట్టులోకో, గుళ్లోకో, పాత పుస్తకాల దుకాణంలోకో అడుగు పెట్టేటప్పుడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగండి. దీర్ఘంగా పీల్చకుండా చిన్న చిన్న ఊపిర్లు నాలుగైదు తీసుకోండి. ముక్కు మొద్దుబారితే బయటికి వచ్చి, మోచేతి మడతలో మీ చర్మాన్నే వాసన చూసి మళ్లీ వెళ్లండి. సెంటు దుకాణాల్లో ఇందుకోసం కాఫీ గింజలు పెడతారు. ఒక ఘాటును పోగొట్టడానికి మరో ఘాటు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

పుస్తకంలో ఏం రాయాలి

ఫోనులో రాసుకోవచ్చు గానీ కాగితపు పుస్తకమే మేలు. తర్వాత కలిపి చూసిన వాసన చీటీలను అదే పేజీకి గుచ్చుకోవచ్చు.

"మల్లెల వాసన, చాలా బాగుంది" అని రాస్తే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు. చోటు, వేళ, తడి పొడి, ఏది ముందు వచ్చింది, ఏది చివర మిగిలింది, ఇవన్నీ కావాలి. హైదరాబాదులో గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు తెల్లవారుజామున వెళ్లారనుకుందాం. పేజీ ఇలా ఉండాలి: "ముందు తడి గోనె. వెంటనే తెగిన కాడల పచ్చి వాసన. తర్వాత మల్లె, చల్లగా. దాని అడుగున ఏదో కుళ్లు. దవనం కట్టల పక్కన ఎండు పండ్ల తీపి. అరటి నార. ఎక్కడినుంచో టీలో అల్లం."

ఆ కుళ్లును కొట్టేయకండి. నిన్నటి పూలు కాళ్ల కింద నలుగుతున్నందువల్ల కొంత, మల్లెలోనే ఉన్నందువల్ల కొంత. మల్లెలో ఇండోల్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. విడిగా, గాఢంగా వాసన చూస్తే కలరా ఉండలు గుర్తొస్తాయి. అదే పదార్థం మలంలోనూ ఉంటుంది. అది కొద్ది పాళ్లలో ఉండబట్టే మల్లె మల్లెలా ఉంటుంది. అది లేని మల్లె వాసనలు బజారులో కావలసినన్ని దొరుకుతాయి, అన్నీ సబ్బులా ఉంటాయి. కాబట్టి మీ పేజీలో నచ్చని వాసన ఒక్కటైనా లేకపోతే మీరు సరిగా పీల్చలేదనే అర్థం.

మాటలకు కొదవ లేదు, వంటింటివి చాలు. కమ్మగా, ఘాటుగా, పచ్చిగా, కమురుగా, మాడినట్టు, ముక్కినట్టు, పులిసినట్టు, మాగినట్టు, నీచుగా. వీటికి చల్లన, వెచ్చన, పొడి, జిడ్డు చేర్చండి.

రాయడం ఎప్పుడూ పేరు తెలియకముందే జరగాలి. మనోరంజితం పువ్వు ఏ పండును తలచుకుంటే ఆ పండు వాసన వేస్తుందని మనవాళ్లు అంటారు. పువ్వు ఒకటే, తలపు ముక్కును నడిపిస్తుంది. పక్కనున్నవారు "సంపెంగ" అనేశారంటే మీ ముక్కు ఇక సంపెంగనే వెతుకుతుంది, పక్కనున్న తడి గోడను వదిలేస్తుంది. తోడుగా వచ్చినవారిని కాసేపు మాట్లాడవద్దని ముందే చెప్పండి.

ఎక్కడ, ఎప్పుడు

పంచాంగం దగ్గర పెట్టుకోండి. ఉగాది ముందు వేపపూత, మామిడిపూత. వేపపూత వాసనలో ఆకు చేదు ఉండదు, పలచని తేనె ఉంటుంది. ఎండాకాలంలో తడిపిన వట్టివేళ్ల తడికెలు, ఆవకాయ రోజున ఆవపిండి. కార్తీకంలో కొండెక్కిన దీపపు వత్తి పొగ. అదే రోజుల్లో రోడ్ల పక్కన ఏడాకులపాయ చెట్లు పూసి వీధంతా తల తిరిగేలా చేస్తాయి. ధనుర్మాసంలో గుడి పొంగలి, అందులో పచ్చకర్పూరం. ప్రయాణాలుంటే అనకాపల్లి వైపు బెల్లం వండే పెనాలు, ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, సింహాచలం సంపెంగలు. అరకులో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక వాన పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి, వాటిది మల్లెకు దగ్గరి వాసన. రెండు మూడు రోజుల్లో రాలిపోతాయి. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాలకూ వెళ్లండి గానీ, కొనడానికి కాదు. ఖస్ (వట్టివేళ్లు), మట్టి, హీనా అత్తర్లను మణికట్టు మీద రాయించుకుని సాయంత్రం వరకు గమనించడానికి.

వీటన్నిటిలో తొలకరి వాసన దగ్గర కాస్త ఆగాలి. ప్రతివారికీ తెలిసిన వాసన, ప్రతివారూ సీసాలో పెట్టాలనుకునే వాసన. మొక్కల నుంచి వచ్చే కొన్ని నూనెలను ఎండిన మట్టి, రాళ్లు పీల్చుకుని ఉంచుకుంటాయి, తడి తగిలినప్పుడు విడుదల చేస్తాయి. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో దీనికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. దానితోపాటు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ ఉంటుంది. అది గాలిలో లేశమాత్రంగా ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు పనివారికి ఈ పేర్లతో పని లేదు. కాల్చిన మట్టి బిళ్లలను డేగ్ అనే రాగి పాత్రలో నీళ్లతో ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో పాత్రలోకి పంపుతారు. అందులో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. ఆవిరి వెంట వచ్చిన మట్టి వాసనను ఆ గంధం నూనె పట్టుకుంటుంది.

డేగ్, భప్కా మన వంటింట్లో పెట్టుకోలేం. కానీ ఒక కొత్త కుండ కొని, ఒక పెంకు మీద నీళ్లు చిలకరించి, ఆరే వరకు నిమిషానికోసారి వాసన చూడండి. మొదట సున్నం, తర్వాత చల్లని మట్టి, చివరకు దాదాపు దుంపల వాసన. తొలకరి అంటే ఇంతే కాదు. వానకు ముందు వీచే చల్లగాలి, ఎండిన ఆకు, వీధిలో తడిసిన దుమ్ము కూడా. ఇవన్నీ విడివిడిగా రాసుకున్నారంటే సగం పని అయినట్టే.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవారు ఊరి వాసనల కోసమే వెతికితే దొరికేది సూట్‌కేసులో తెచ్చుకున్న పచ్చడి ఒక్కటే. అక్కడి వానలో యూకలిప్టస్ ఉంటే దాన్నే రాయండి, మీ వంటింటి కిటికీలోంచి వచ్చే పోపుతో కలిపి రాయండి.

ఒక పేజీని విడగొట్టడం

పుస్తకం కొంత నిండాక ఒక్క పేజీ ఎంచుకోండి. రెండు పేజీలు కలపకండి, ఎంత ఆశ పుట్టినా. ఆ పేజీని మూడు ప్రశ్నలు అడగండి. ముందు వచ్చి వెంటనే పోయేది ఏది? మధ్యలో నిలిచేది ఏది? ఇంటికి వచ్చాక కూడా చేతికో బట్టకో అంటుకుని ఉండేది ఏది?

ముందు వచ్చి పోయేవాటికి నిమ్మ, నారింజ తొక్కలు, నిమ్మగడ్డి, యాలకులు, అల్లం, పచ్చకర్పూరం. మధ్యలో దవనం, మరువం, గులాబి, మొగలి, తులసి, జాజికాయ. అడుగున వట్టివేళ్లు, తుంగముస్తలు, మంచిగంధం, సాంబ్రాణి. ఇవన్నీ పచారీ కొట్టులో, పూజా సామగ్రి దుకాణంలో, మూలికల కొట్టులో దొరికే సరుకులే. వాటి తైలాలు విడిగా కొనుక్కోవచ్చు.

ఇక పూల మార్కెట్టు పేజీ తీయండి. తడి గోనె, మట్టి అంటే వట్టివేళ్లు. తెగిన కాడల పచ్చిదనం మరువంలో కొంత దొరుకుతుంది. దవనానికి దవనమే. అల్లానికి అల్లమే. కుళ్లుకు తుంగముస్తలు సరిపోతాయి, వాటిలో కొంచెం పొగ, కొంచెం మురికి రెండూ ఉంటాయి. మల్లె ఒక్కటే మిగిలింది, దాని సంగతి నూనె దగ్గర చెబుతాను. మల్లెను ఉన్నదున్నట్టు సీసాలో దించడం పెద్ద కంపెనీలకే కష్టమైన పని, దాని సారం ఖరీదు చూస్తే సరదా తీరిపోతుంది. కానీ తడి గోనె మీద కుప్పపోసిన మల్లెలను గుర్తుకు తెప్పించడం మీ చేతిలో పని. మొదట పెట్టిన షరతు ఇందుకే.

సరుకు కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఎర్రచందనం పేరు చూసి పరిమళం కోసం కొనేవారున్నారు. శేషాచలం కొండల్లో పెరిగే ఆ చెక్కకు రంగు ఉంది గానీ అత్తరుకు పనికొచ్చే వాసన లేదు. కావలసింది మంచిగంధం. దాన్ని సాన మీద అరగదీసి వాసన గుర్తు పెట్టుకోండి, ఆ తర్వాత గంధం నూనె కొనండి. చవకగా దొరికే నకిలీ గంధం నూనెను పట్టుకోవడానికి ఈ పరీక్ష సాయపడుతుంది. సాంబ్రాణి గడ్డలుగా కొనండి, బొగ్గుతో చేసిన కప్పులు వద్దు. హారతి కర్పూరం వేరు, పచ్చకర్పూరం వేరు. జటామాంసి హిమాలయాల్లో అంతరించే స్థితికి చేరిన మొక్క. సరదా పనికి దాన్ని తవ్వించవలసిన అవసరం లేదు, తుంగముస్తలతో నడిపించండి.

చుక్క ఖర్చు లేకుండా చిత్తు

తైలాల సీసాలు ఇప్పుడే తెరవకండి. మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసా తీసుకోండి, పచ్చడి పెట్టిన సీసా ఎంత కడిగినా వద్దు. ఎంచుకున్న సరుకులను ఉన్నవి ఉన్నట్టే అందులో వేయండి: చెంచాడు వట్టివేళ్ల ముక్కలు, రెండు దవనం రెమ్మలు, అల్లం చెక్క ఒకటి. మూత పెట్టి గంటసేపు నీడలో ఉంచండి. మూత తీసిన ఆ ఒక్క క్షణం వాసన చూడండి. ఒకటి తీసేయండి, మళ్లీ మూత పెట్టండి. ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి. పొగడపూలు ఎండినా వాసన పోదు కాబట్టి ఈ పనికి ఎంతో అనువైనవి, ఏరి దాచుకోండి.

తర్వాత కాగితపు చీటీలు. అద్దుడు కాగితమో మందమైన డ్రాయింగ్ కాగితమో సన్నగా కత్తిరించి, ఒక్కో చీటీని ఒక్కో తైలంలో ముంచి, పేరు, వేళ రాయండి. మూడు నాలుగు చీటీలను వేళ్ల మధ్య విసనకర్రలా విప్పి ముక్కు ముందు కదపండి. ఏదైనా మిగతావాటిని మింగేస్తుంటే దాన్ని వెనక్కి జరపండి. ఎంత వెనక్కి జరిపారన్నది దాని పాలు ఎంత తగ్గించాలో చెబుతుంది. అయిదు నిమిషాలకు, గంటకు, మర్నాడు ఉదయం మళ్లీ చూడండి. మర్నాడు మిగిలినదే మీ అడుగు.

నూనెలోకి

మన దగ్గర ఆల్కహాల్‌తో చేసే సెంటు కన్నా నూనెలో చేసే అత్తరే ఇంటికి అనుకూలం. శుద్ధమైన ఆల్కహాల్ ఎక్సైజు నిబంధనల కింద ఉంటుంది, మామూలుగా దొరకదు. రంగుల దుకాణంలో అమ్మే స్పిరిట్‌లో మిథనాల్ ఉండవచ్చు. దాన్ని ఒంటికి రాసే దేనిలోనూ కలపకండి.

మల్లెకు పాత పద్ధతి ఒకటి ఉంది. జౌన్‌పూర్ లాంటి చోట్ల తలనూనెల కోసం ఇదే చేసేవారు. కోసిన తర్వాత కూడా మల్లె మొగ్గ రాత్రంతా వాసన తయారు చేస్తూనే ఉంటుంది, నువ్వులు ఆ వాసనను పీల్చుకుంటాయి. గులాబి అలా కాదు, కోసిన కొద్దిసేపటికే తగ్గిపోతుంది కాబట్టి ఈ పద్ధతి దానికి అంతగా పనికిరాదు. వేయించని తెల్ల నువ్వులు వెడల్పాటి స్టీలు పళ్లెంలో వేలెడు మందాన పరవండి. పైన పలచని నూలు గుడ్డ, దాని మీద ఆ సాయంత్రం తెంచిన మొగ్గలు. మొగ్గల మీద నీళ్లు చల్లి అమ్మినవి వద్దు, తడి ఉంటే బూజు పడుతుంది. మూత పెట్టండి. పొద్దున పూలు గోధుమ రంగు తిరగకముందే తీసేసి, నువ్వులను నీడన ఆరనివ్వండి. సాయంత్రం కొత్త మొగ్గలు. వారం పది రోజులకు నువ్వు గింజ నమిలితే నోట్లో మల్లె తెలుస్తుంది. అప్పుడు గానుగ ఆడించండి. గానుగకు చాలనంత కొంచెమే ఉంటే రోట్లో దంచి, సమానంగా నువ్వులనూనె పోసి రెండు రోజులు ఉంచి, గుడ్డలో పిండి, తేరనివ్వండి. ఖరీదైన మల్లె సారంలా గుప్పుమనదు. మల్లెలు పెట్టుకున్న జడలో మర్నాడు మిగిలే వాసనలా ఉంటుంది, మనకు కావలసింది అదే.

ఆ నూనె పది మిల్లీలీటర్లకు వట్టివేళ్ల తైలం మూడు చుక్కలు, దవనం రెండు, మరువం ఒకటి, అల్లం ఒకటి, తుంగముస్తలు ఒకటి. పూల మార్కెట్టు పేజీకి ఇది మొదటి ప్రయత్నం. తొలకరికైతే మామూలు నూనెలో వట్టివేళ్లు అయిదు, గంధం మూడు, తుంగముస్తలు రెండు, సగం బియ్యపు గింజంత పచ్చకర్పూరం. ఆ కర్పూరం వానకు ముందు వీచే చల్లగాలి కోసం, ఎక్కువైతే దగ్గు మందులా తయారవుతుంది. ముదురు రంగు సీసాలో, చీకట్లో, రెండు వారాలు. నువ్వులనూనె కొన్ని నెలలకు ముక్క వాసన వేస్తుంది కాబట్టి కొద్దికొద్దిగానే చేసుకోండి. నిలవ ఉండాలంటే హొహోబా (జొజోబా) నూనె వాడండి.

ఒంటికి రాసే ముందు

లవంగ తైలం పది మిల్లీలీటర్లకు ఒక్క చుక్క మించకూడదు. తులసిలోనూ లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థమే ఉంటుంది కాబట్టి రెండూ వేస్తే కలిపి లెక్కించండి. దాల్చినచెక్క తైలం చర్మానికి పూర్తిగా వద్దు. నిమ్మతొక్కను పిండి తీసిన తైలం, బావంచాలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కందిపోతుంది, బొబ్బలు కూడా రావచ్చు. సున్నిపిండిలో బావంచాలు వేస్తారు కదా అనవచ్చు. సున్నిపిండి కడిగేసుకుంటాం, అత్తరు రోజంతా ఒంటి మీద ఉంటుంది. గన్నేరు, ఉమ్మెత్త పూలు ఎంత అందంగా ఉన్నా సీసా దరిదాపుల్లోకి రాకూడదు. కలిపిన నూనెను మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. పసిపిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి రాయవద్దు.

రెండు వారాల తర్వాత సీసా తెరిచినప్పుడు గుర్తున్నదానితో పోల్చవద్దు, పుస్తకంలో రాసినదానితో పోల్చండి. గుర్తున్నది ఈ రెండు వారాల్లో మీ సీసాకు తగ్గట్టు మారిపోయి ఉంటుంది. ఆపైన మీరేం చేశారో తెలియని ఒకరి మణికట్టుకు రాసి, "బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. "ఎక్కడ ఉన్నట్టుంది?" అని అడగండి. "పూలంగడి" అన్నా, "తడిసిన గోదాము" అన్నా మీకు ఆనవాలు దొరికినట్టే, గోదాము అంటే వట్టివేళ్లు ఒక చుక్క తగ్గించాలి. "సబ్బు" అంటే తుంగముస్తలు ఒక చుక్క పెంచండి. "ఏమో తెలియదు" అంటే పేజీ మళ్లీ చదవండి, సాధారణంగా ఏదో ఒకటి ఎక్కువగా వేసి ఉంటారు. కుదరని సీసాలు పారబోయకుండా దూదిలో ముంచి, చిన్న మట్టి ప్రమిదలో పెట్టి బీరువా మూలన ఉంచవచ్చు, పట్టుచీరలకు మాత్రం తగలనివ్వకండి, నూనె మరక పోదు.